కారేదే కారు: ఆయిల్ లీకుకు పన్నెండు తిరుగులేని చిట్కాలు

పొద్దున్నే బండి తీశారు. రాత్రి నిలబెట్టిన చోట అరచేయంత నల్లటి మరక. బానెట్ ఎత్తి చూశారు. ఇంజన్ పక్కన బొటనవేలంత ముక్క ఒకటి బ్లాకులోకి బిగించి ఉంది. దాని నెత్తిన ఒక వైరు, మెడ చుట్టూ తడి. అదే ఆయిల్ ప్రెషర్ స్విచ్చి. ముల్లు మీటరు ఉన్న బండ్లలో దాన్ని సెన్సర్ అంటారు. ఇంజన్ లోపల ఆయిల్ ఎంత ఒత్తిడితో తిరుగుతోందో ఎప్పటికప్పుడు డాష్‌బోర్డుకు మోసే చాడీకోరు అది.

బుర్రలేనివాళ్లు ఇక్కడే తొందరపడతారు. కొత్త స్విచ్చి తెస్తారు, పాతది విప్పుతారు, వాషరు మారుస్తారు, అరగంటలో చేతులు కడుక్కుని అన్నానికి కూర్చుంటారు. ఇక వాళ్ల జీవితంలో నలుగురికీ చెప్పుకోడానికి ఏం మిగులుతుంది?

మీరు అలాంటివారు కాదు. మీది నిజామాబాద్ జిల్లా కోటగిరి. మన తట్టున కారడం కొత్తేమీ కాదు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. తూముల్లోంచి నీళ్లు వదిలితేనే చెఱకు నిలబడింది. చెఱకు ఉందనే 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పుట్టింది. పట్టి ఉంచింది కాదు, వదిలిపెట్టిందే మనల్ని బతికించింది. అయినా కారేది కాబట్టే దానికి కారు అని పేరు పెట్టారు. పేరు నిలబెట్టుకుంటున్న బండిని తప్పు పట్టడం ఎందుకు?

కావలసినవి: టెఫ్లాన్ టేపు ఒక చుట్ట, ఎం-సీల్ ఒక ప్యాకెట్, సబ్బు ముక్క, పాత గోనె సంచి, ఎర్రటి తిలకం బిళ్ళ ఒకటి, బామ్మర్ది ఒకడు.

1. కొత్త స్విచ్చి కొనండి, బిగించకండి

బోధన్‌లోనో నిజామాబాద్‌లోనో స్పేర్ పార్టుల షాపుకు వెళ్లండి. బండి మోడల్ చెప్పి స్విచ్చి తీసుకోండి. మామూలు బండికైతే కొన్ని వందల రూపాయల్లో పోతుంది. బేరం గట్టిగా ఆడండి. ఇంటికి తెచ్చి కవరు చింపకుండా డాష్‌బోర్డు పెట్టెలో ఆర్సీ కాగితాల కింద దాచండి. మందు కొని అల్మారాలో పెడితే సగం జబ్బు తగ్గినట్టే కదా. ఇక ఎవరడిగినా "సామాను తెచ్చి పెట్టిన" అనండి. ఆ మాటలో ఒక్క అబద్ధం లేదు.

2. ఇంజన్ ఆపి, చల్లారాకే చూడండి

ఆ స్విచ్చి దగ్గర ఆయిల్ నిలవ ఉండేది కాదు, పంపు నెడితే వచ్చేది. బండి పరుగు మీద ఉన్నప్పుడు అక్కడ మూడు నాలుగు బార్ల ఒత్తిడి ఉంటుంది. సన్నటి సందు దొరికితే చాలు, చిమ్ముకుంటూ వస్తుంది. ఇంజన్ ఆపగానే ఒత్తిడి పోతుంది, కారడం కూడా దాదాపు ఆగుతుంది. కాబట్టి ఇంజన్ నడుస్తుండగా లైటు వేసి చూడటం అనే పాడు అలవాటు మానండి. తెల్లవారుజామున, చలికి ఆయిల్ గట్టిపడ్డ వేళ, ఇంజన్ ఆపి ఉంచి ఒక్క చూపు చూడండి. ఏమీ కారదు. "తగ్గింది" అని ఇంట్లో ప్రకటించి బానెట్ వేసేయండి.

3. పొరపాటున కూడా తుడవకండి

తుడిస్తే ఎక్కడి నుంచి కారుతోందో తెలిసిపోతుంది. తెలిస్తే బాగుచేయాల్సి వస్తుంది. మన నల్లరేగడి దుమ్ము, గాలికి లేచిన వరిపొట్టు, కారిన ఆయిల్ మూడూ కలిసి ఇంజన్‌కు గేదె తోలంత మందంగా పట్టనివ్వండి. ఆ తోలే రేపు లీకును మూస్తుందని నమ్మండి.

కొందరు అతి తెలివితో కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆరాక పౌడరు చల్లి, ఇంజన్ స్టార్టు చేసి, తడి గీత ఎక్కడ మొదలవుతుందో కనిపెడతారు. చాలాసార్లు వాళ్లకు తెలిసేది ఏమిటంటే స్విచ్చిది అసలు తప్పే కాదని. పైన ట్యాపెట్ కవర్ గాస్కెట్ కారుతుంటుంది, కిందున్న స్విచ్చి తడుస్తుంటుంది. ఇంకొందరు వైరు ప్లగ్గు పీకి చూస్తారు. ప్లగ్గు లోపల ఆయిల్ ఉంటే మర బాగానే ఉందని, స్విచ్చి పొట్టే పగిలిందని, ఎంత బిగించినా లాభం లేదని అర్థం. ఇదంతా జ్ఞానం. జ్ఞానం వల్ల ఖర్చు పెరుగుతుంది. తుడవకండి.

ఏడాదికి ఒక్కసారి, దసరాకు, ఆయుధపూజ రోజున మాత్రం బండి కడగండి. పైన మాత్రమే.

4. చాయ్ హోటల్లో సలహా అడగండి

మెకానిక్ దగ్గరికి పోతే పానా పట్టుకుంటాడు. అది ప్రమాదం. చాయ్ హోటల్ ముందు బండి ఆపి, కూర్చున్నవాళ్లలో ఎవరికి బండి లేదో వాళ్లను అడగండి. "బండన్నంక గింతన్న కారకపోతే ఎట్లన్నా?" అంటాడు ఒకాయన. "మా మామ జీపు పదేండ్లు కారింది, ఏం గాలే" అంటాడు ఇంకొకాయన. మామ జీపు ఇప్పుడు ఎక్కడుందని మాత్రం అడగకండి. నలుగురికీ చాయ్ చెప్పండి. నాలుగు చాయ్‌లకు నాలుగు అభిప్రాయాలు వస్తాయి, వాటిలో మీ మనసుకు నచ్చింది తప్పకుండా ఒకటి ఉంటుంది.

5. టేపు చుట్టండి, చుడుతూనే ఉండండి

ఎంత వద్దన్నా ఏదో ఒక రోజు చెయ్యి ఊరుకోదు. స్విచ్చి విప్పుతారు. అప్పుడు నల్లా పైపుకు చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు తీయండి. ఈ మరల్లో రెండు రకాలున్నాయి. ఒకటి కొన నుంచి తలకాయ వైపు పోయేకొద్దీ లావెక్కే మర, అది మరతోనే బిగుసుకుని ఆయిల్‌ను ఆపుతుంది. రెండోది మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు మర, దాన్ని ఆపేది వాషరే. మీ బండిది ఏ రకమో చూసుకోకండి. రెండింటికీ టేపే చుట్టండి.

మొదటి మర వదిలేసి రెండు చుట్లు చాలని కొందరంటారు. పిసినారులు. మీరు పన్నెండు చుట్లు చుట్టండి. మర తిరిగే దిక్కుకు ఎదురుగా చుట్టండి, బిగిస్తుంటే దానంతటదే ఊడి వస్తుంది. కొనమీద ఉన్న చిల్లును కూడా కప్పేయండి. తెగిన పోగులు ఆయిల్ దారిలో పడి ప్రయాణిస్తాయి. ఏదో ఒక సన్నటి రంధ్రం దగ్గర ఆగి, బేరింగుకు పోయే ఆయిల్‌కు అడ్డంగా కూర్చుంటాయి. లీకు ఆపమని కొన్న టేపు ఆయిల్‌నే ఆపింది. ఇచ్చిన డబ్బుకు ఇంతకన్నా ఏం కావాలి?

పైగా ఒక కొసరు ఉంది. ఒంటి వైరు స్విచ్చికి ఎర్త్ దొరికేది ఆ మరల గుండానే. టేపు బాగా దళసరిగా ఉంటే ఎర్త్ కూడా సరిగా అందదు. ఇక ఆయిల్ ఉన్నా లేకపోయినా దీపం వెలగదు. మనశ్శాంతి.

6. పాత వాషరునే వేయండి

కింద రాగి వాషరు ఉంటే జాగ్రత్తగా దాచి మళ్లీ అదే వేయండి. మెత్తటి రాగి ఒకసారి నలిగితేనే సందు మూసుకుంటుంది. నలిగినదాన్ని మళ్లీ వేస్తే మళ్లీ అలాగే నలుగుతుందన్న భరోసా లేదు. కొత్తదాని ధర ఒక చాయ్ లెక్కలో ఉంటుంది. మీరు ఇప్పటికే నాలుగు చాయ్‌లకు ఖర్చు పెట్టి ఉన్నారు. ఎక్కడో ఒకచోట పొదుపు చేయాలి కదా.

7. ప్రాణం పెట్టి బిగించండి

ఆ చిన్న ముక్కకు చేతి మణికట్టు బలం చాలు. కానీ చూసేవాళ్లకు మీ మీద గౌరవం కలగాలి. పానాకు బోరు పైపు ముక్క తొడిగి రెండడుగులు పొడవు చేయండి. కిర్రుమనే దాకా తిప్పండి. కిర్రుమన్నాక ఇంకో సగం చుట్టు తిప్పండి. కింద ఆరు పలకల భాగం పానా కోసమే పెట్టారు, దాన్ని ముట్టుకోకండి. పైన డబ్బాలా ఉన్న తలకాయను కటింగ్ ప్లయరుతో పట్టి మెడ విరిచినట్టు తిప్పండి. తలకాయకూ మెడకూ మధ్య అతుకు వదులై ఇప్పటిదాకా లేని కొత్త లీకు ఒకటి మొదలవుతుంది.

అదృష్టం బాగుంటే ముక్క సగానికి విరిగి, మర బ్లాకులోనే ఉండిపోతుంది. ఇంకా బాగుంటే బ్లాకుకే చీలిక పడుతుంది. గోటితో పోయేదాన్ని గోటితోనే తీసేస్తే ఇంట్లో గొడ్డలి ఎందుకు పెట్టుకున్నట్టు?

8. పైపూతలన్నీ ప్రయత్నించండి

ముందు ఎం-సీల్. ఆయిల్ మీద అది అంటదు, కాబట్టి ఆయిల్ మీదే రాయండి. రెండు రోజులకు ఊడి ముద్దగా చేతికి వస్తుంది. దాన్నే మళ్లీ అతికించండి.

తర్వాత సబ్బు. పెట్రోల్ టాంకు చెమర్చినప్పుడు సబ్బు రుద్ది ఇల్లు చేరినవాళ్లున్నారు. పెట్రోల్‌కు పనిచేసిన వైద్యం కాగే ఆయిల్‌కు, దాని ఒత్తిడికి ఎందుకు పనిచేయదని ధైర్యంగా వాదించండి.

తర్వాత పసుపు. రేడియేటర్ కారినప్పుడు నీళ్లలో గుప్పెడు పసుపు వేసి గండం గడిపిన డ్రైవర్లు మన రోడ్ల మీద ఎందరో. అదే పసుపును ఆయిల్ మూతలోంచి ఇంజన్‌లోకి పోయండి. జాతీయ పసుపు బోర్డు 2025లో మన నిజామాబాద్‌కే వచ్చింది. పసుపు జిల్లాలో ఉండి పసుపు వాడకపోతే నలుగురూ నవ్వరా? నీళ్లలో ఉబ్బి చిల్లు మూసిన పొడి, ఆయిల్‌లో బురదై ఫిల్టరును మూస్తుంది. మూయడమే కదా మనకు కావలసింది.

చివరగా బెల్లం. సున్నంలో బెల్లం నీళ్లు కలిపి కట్టిన గోడలు వందల ఏళ్లు నిలిచాయని తాతలు చెప్పేవారు. మీ ఇంజన్ కూడా గోడలా కదలకుండా నిలవాలంటే ఈ చిట్కాను మించింది లేదు.

9. దీపాన్ని ఆర్పండి

డాష్‌బోర్డులో అల్లావుద్దీన్ దీపం ఆకారంలో ఎర్ర లైటు ఒకటి ఉంటుంది. ఆయిల్ ఒత్తిడి దాదాపు అర బారు కంటే కిందికి పడితే వెలుగుతుంది. ఆయిల్ తగ్గుతోందని ముందే చెప్పే దీపం కాదు అది, ఇక అయిపోయిందని చెప్పే దీపం. వెలిగిన మరుక్షణం బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలని పుస్తకంలో రాసి ఉంటుంది. పుస్తకం రాసినవాడికి బోధన్‌లో పెళ్లి ముహూర్తానికి ఆలస్యమైందా? మీకైంది.

దీపం ఆర్పే పద్ధతులు మూడు. ఒకటి, స్విచ్చి నెత్తిన వైరు పీకేయండి. ఆ స్విచ్చి దీపాన్ని ఎర్త్‌కు కలిపి వెలిగించే రకం కాబట్టి, వైరు లేకపోతే ఇంజన్ పేలినా దీపం వెలగదు. రెండు, ఇంటామె దగ్గర పెద్ద సైజు తిలకం బిళ్ళ అడిగి దాని మీద అంటించండి, అచ్చంగా సరిపోతుంది. మూడు, పాటలు పెద్దగా పెట్టండి. దీపం పోకపోయినా ఇంజన్ టక్‌టక్‌లు వినబడవు.

ముల్లు మీటరు బండి అయితే వైరు పీకినప్పుడు ముల్లు కొన్నింట్లో ఈ చివరకు, కొన్నింట్లో ఆ చివరకు పోయి పడుతుంది. ఆ చివరకు పడితే "ప్రెషర్ ఫుల్లుగా ఉంది" అనండి. ఈ చివరకు పడితే "మీటరు ఖరాబైంది" అనండి.

10. ఆయిల్ పోయడమే ఆయిల్ మార్చడం

డిక్కీలో డబ్బా పెట్టుకుని గుర్తొచ్చినప్పుడల్లా పోయండి. పంపుసెట్టుకు తెచ్చింది మిగిలితే అది, ట్రాక్టరుది ఉంటే అది. గ్రేడు గురించి ఆలోచించకండి, కడుపులోకి పోయాక అన్నీ ఒకటే. డిప్‌స్టిక్ తీయాల్సి వస్తే గట్టు మీద ఏటవాలుగా నిలబెట్టి చూడండి. ఎత్తు ఎటుంటే కొలత అటు మారుతుంది, మీకు నచ్చిన కొలత వచ్చేదాకా బండి తిప్పండి. "కింద పోతనే ఉంది, పైన పోస్తనే ఉన్న, ఇగ మార్చుడెందుకు?" అనే మాట నోటికి పట్టించుకోండి. వింటే ఎంతో సబబుగా ఉంటుంది. చిన్న కారు ఇంజన్లో ఉండేదే మూడు లీటర్లకు అటూ ఇటూ అని, ఒక్క లీటరు తగ్గినా మూడో వంతు పోయినట్టేనని లెక్కలు వేసేవాళ్లతో స్నేహం మానండి.

11. మరకకు, పొగకు సాకులు సిద్ధంగా ఉంచుకోండి

మీ వాకిట్లో గోనె సంచి పరచండి. అత్తగారింటికి పోయినప్పుడు మాత్రం సంచి తీసుకుపోకండి. ముగ్గు మీద నిలబెట్టి, తెల్లారి మరక చూపించి "రాత్రి ఎవరిదో ట్రాక్టరు ఆపినట్టుంది అత్తమ్మా" అనండి. అల్లుడి మాట కాదనలేరు.

కారిన ఆయిల్ వేడి సైలెన్సర్ గొట్టం మీద పడి పొగ, కంపు వస్తాయి. బండిలో ఉన్నవాళ్లు ముక్కు మూసుకుంటే అద్దం దించి బయటికి చూస్తూ "పొలాల్ల వరికొయ్యలు కాలబెడుతున్నరు" అనండి. కోత అయ్యాక ఈ సాకు ఎవరూ కాదనలేరు. నాట్ల కాలంలో ఇదే సాకు చెప్పేముందు కిటికీలోంచి ఒకసారి చూసుకోండి. మంట కనబడితే మాత్రం సాకులు వెతక్కండి. అందరికంటే ముందు దిగండి.

12. బామ్మర్దికి అమ్మండి, లేదా ఆగేదాకా నడపండి

అమ్మే రోజు పొద్దున ఇంజన్‌ను నీళ్లతో కడిగించండి. ఒక ముద్దబంతి దండ వేయండి. బామ్మర్దిని పిలిచి "ఊరోళ్లకు ఇయ్య బుద్ధి అయితలేదు బామ్మర్దీ, నీకైతేనే ఇస్త" అనండి. చూపించేటప్పుడు ఇంజన్ స్టార్టు చేయకండి, లేదా రెండు నిమిషాలకు మించి నడపకండి. నెలకు ఫోను వస్తుంది. "బావా, బండి కారుతుంది" అంటాడు. "నా దగ్గరున్నప్పుడు కారలే" అనండి. ఆ రాఖీ పండుగకు ఇంట్లో ఏం జరుగుతుందో మాత్రం ఈ చిట్కాల పరిధిలోకి రాదు.

బామ్మర్ది తెలివైనవాడై కొనకపోతే మీరే నడపండి. ఒక రోజు బోధన్ శక్కర్‌నగర్ దగ్గర్లో టక్‌టక్ మొదలవుతుంది. అది ఆయిల్ పొర లేక బేరింగులో లోహంతో లోహం కొట్టుకుంటున్న చప్పుడు. వేగం పెంచండి. కాసేపటికి చప్పుడు ఆగుతుంది. ఇంజన్ కూడా. తాళం తిప్పితే "టిక్" అంటుంది తప్ప తిరగదు. దీన్నే సీజ్ అయ్యిందంటారు.

కంగారు పడకండి. ఆగిన చోటే కమిటీ వేయండి. అక్కడి చక్కెర ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించినప్పటి నుంచి తెరుస్తామన్న మాట ఎన్నిసార్లు విన్నామో, ఎన్ని కమిటీలు చూశామో మీకు తెలియంది కాదు. ఆగిన యంత్రం ముందు నిలబడి "త్వరలోనే నడిపిస్తాం" అనడానికి పెట్టుబడి అక్కర్లేదు. మీరూ అనండి.

సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: ఇవన్నీ చేయడం కంటే స్విచ్చి మార్చడమే తేలిక కదా?
జవాబు: తేలికే. అందుకే ఎవరూ మెచ్చుకోరు.

ప్రశ్న: ఇంజన్ చల్లారాక పాతది విప్పి, మర తుడిచి, ఆ బండికి చెప్పిన వాషరో సీలెంటో వేసి, కొత్తది చేత్తో ఎక్కించి, పానాతో కొంచెం బిగించి, ఇంజన్ నడుస్తుండగా ఐదు నిమిషాలు చూస్తే ఏమవుతుంది?
జవాబు: లీకు ఆగిపోతుంది. ఇలాంటి ప్రశ్నలు మళ్లీ అడగకండి.

ప్రశ్న: ఈ చిట్కాలన్నీ పాటిస్తే లీకు ఖచ్చితంగా ఆగుతుందా?
జవాబు: నూటికి నూరు పాళ్లు. పన్నెండో చిట్కా దాటిన ఇంజన్లో కారడానికి ఆయిల్ మిగలదు.

చివరి మాట

బండిని తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. మేస్త్రీ ఇంజన్ దించాలంటాడు. క్రాంకు గ్రైండింగు, బేరింగులు, పిస్టన్లు, బోరు అంటూ అట్టముక్క మీద వేళ్ల లెక్క కాస్తా వేల లెక్క చేస్తాడు. ఇంజన్ నంబరు రాసుకోడానికి ఆర్సీ అడుగుతాడు. డాష్‌బోర్డు పెట్టె తెరుస్తారు. కాగితాల కింద కొత్త స్విచ్చి, చింపని కవరులో తళతళలాడుతూ కనబడుతుంది.

మేస్త్రీ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మీ ముఖంలోకి చూసి, "గిది ఉండంగ గీ పని ఎందుకైందన్నా?" అంటాడు.

"తీరిక దొరకలే" అనండి. ఇంజన్ కట్టడానికి ఆయన పట్టేది వారం పది రోజులు. ఆ పది రోజులూ బోధన్ బస్సు కోసం నిలబడితే కావలసినంత తీరిక దొరుకుతుంది.